ఇరవై నాలుగో పేజీ

నవ్వంటే ఎంత, వేలిగోరంత గీత. బ్రష్షు మొనని రంగులో ముంచి పెదవుల రెండు కొసలూ కాస్త పైకి లాగితే నవ్వు, అలాగే వదిలేస్తే మూతి. ఆ రెంటికీ మధ్య నాకు ఒక గంట ఇచ్చారు, అందులో పన్నెండు నిమిషాలు అప్పుడే అయిపోయాయి. "రెండింటికి వస్తా, అప్పటికి పాప నవ్వాలి" అని చెప్పి ఎడిటరుగారు భోజనానికి వెళ్ళారు. చెబుతూ టేబుల్ మీద చూపుడువేలితో ఒక్కసారి టక్కుమని కొట్టారు. ఏ మాట చివరైనా ఆయన అలాగే కొడతారు, కొట్టాక ఇక ఆ విషయం మీద ఎవరూ నోరెత్తకూడదు, అందుకే ఈ ప్రచురణ సంస్థలో పైనుంచి కిందిదాకా అందరూ ఆయన్ని ఫుల్‌స్టాప్ అంటారు, ఆయన వెనకాల. పన్నెండేళ్ళుగా పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తున్నాను, పన్నెండేళ్ళుగా ఆ వేలు చూస్తున్నాను, ఆ వేలు దిగే చోట టేబుల్ కాస్త తెల్లబడిందని కూడా నాకు తెలుసు. ఆ తెల్లమచ్చ పక్కనే నా బొమ్మ పెట్టుకుని కూర్చున్నాను. ఇరవై నాలుగో పేజీ, పుస్తకంలో చివరిది. మిగతా ఇరవై మూడూ ప్రెస్సుకి వెళ్ళిపోయాయి, ఇదొక్కటే ఇంకా నా చేతిలో ఉంది.

బొమ్మలో ఐదేళ్ళ పిల్ల. రెండు జడల్లో ఒకటి ఊడిపోయింది, ఎందుకంటే ఆ ఇంట్లో జడలు వేసే చేతులు ఇప్పుడు ఇంకో పనిలో ఉన్నాయి. పిల్ల బరువు చూసుకునే కాటా ఎక్కి నిలబడి ఎదురుగా మనవైపే చూస్తోంది. నోరు మూసుకుని ఉంది. కోపం కాదు, అలకా కాదు, ఊరికే మూసుకుని ఉంది, ఎవరైనా వచ్చి చూసేదాకా దిగేది లేదన్నట్టు. కింద ఒకే ఒక్క వాక్యం: ఇప్పుడు నా వంతు. మాటలు కూడా నావే ఈసారి, మొదటిసారి, ఇన్నేళ్ళూ ఇంకొకళ్ళు రాసినవాటికి బొమ్మలు వేశాను. పసిబిడ్డ ఈ పేజీలో ఎక్కడా లేదు, దాని మీదే మూడు వారాల రాద్ధాంతం. మొదట చెల్లి బుగ్గ మీద ముద్దు పెడుతున్నట్టు వెయ్యమన్నారు, ససేమిరా అన్నాను. పోనీ పక్కన ఉయ్యాల వెయ్యమన్నారు, ఇరవై మూడు పేజీల్లో ఉయ్యాల ఉంది, ఈ ఒక్క పేజీ పిల్లకి వదిలేయండి అన్నాను. బేరం దిగి దిగి నవ్వు దగ్గర ఆగింది. "అమ్మానాన్నలు చివరి పేజీ తిప్పి చూసి కొంటారమ్మా, ఇంట్లో రెండో బిడ్డ వస్తోందంటే వాళ్ళకి కంగారుగా ఉంటుంది, కాస్త ధైర్యం కావాలి" అన్నారు ఫుల్‌స్టాప్. అబద్ధం కాదు, నా మంటంతా అందుకే. కొనేది పెద్దవాళ్ళు, కంగారు పెద్దవాళ్ళది, ధైర్యం కావలసింది పెద్దవాళ్ళకి, నవ్వవలసింది మాత్రం పిల్ల.

బయట జెరాక్స్ మిషను గురకపెట్టి ఆగింది. ఎవరో టిఫిను డబ్బా మూత తీస్తున్నారు, ఎవరో పడీపడీ నవ్వుతున్నారు, ఎందుకో ఈ ఆఫీసులో భోజనాల వేళ అందరికీ నవ్వొస్తుంది. గోడ మీద పాత పుస్తకాల అట్టలు అతికించారు, వాటిలో ఏడు నావి, ఏడూ ఈ గోలవే. తమ్ముడొచ్చాడు, చెల్లొచ్చింది, కవలలొచ్చారు. కుందేళ్ళ ఇంట్లో ఒకసారి, ఏనుగుల ఇంట్లో ఒకసారి, ఎలుగుబంట్ల ఇంట్లో రెండుసార్లు. కుందేలుకి నవ్వు గీయడం ఎంత తల ప్రాణం తోకకొచ్చే పనో ఎవరికీ తెలియదు, దాని పెదవి మధ్యలో చీలి ఉంటుంది, పైకి లాగితే పళ్ళికిలించినట్టు ఉంటుంది, అయినా గీశాను. ఏడు పుస్తకాల దారీ ఒకటే. నాలుగో పేజీలో అమ్మ పొట్ట, ఎనిమిదో పేజీలో అమ్మ ఇంట్లో లేదు, పన్నెండో పేజీలో మూట, పదహారో పేజీలో పెద్దపిల్ల మూతి ముడుపు, ఇరవయ్యో పేజీలో పసిబిడ్డ దాని వేలు పట్టుకుంటుంది, ఇరవై నాలుగులో నవ్వు. మూతి ముడుపు నుంచి నవ్వుకి ఎనిమిది పేజీలు. నాకు ముప్పై నాలుగేళ్ళయింది, ఇంకా రాలేదు. ఎంతమంది అమ్మలు ఒళ్ళో పిల్లని కూర్చోబెట్టుకుని ఆ చివరి పేజీ చూపించి ఉంటారు, చూడు, అక్క ఎంత మంచిదో, చూడు, ఎలా నవ్వుతోందో. ఒళ్ళో ఉన్న పిల్ల ఆ నవ్వుని చూసి తన ముఖం తడుముకుని, నాకు రావట్లేదే, అయితే నేను చెడ్డదాన్నేమో అనుకుని ఉంటుంది. ఆ పని నా బ్రష్షు చేసింది. ఎవరూ నా చేయి పట్టుకుని గీయించలేదు.

తలుపు తోసుకుని టీ ఇచ్చే ఆవిడ వచ్చింది. నేను రంగునీళ్ళ గ్లాసుకీ టీ గ్లాసుకీ తేడా తెలియకుండా తాగేస్తానని ఆవిడకి భయం, అందుకే రంగునీళ్ళది తీసి కిటికీలో పెట్టి టీ నా కుడిచేతి పక్కన పెట్టింది. పెట్టి బొమ్మ వైపు వంగింది. "ఎవరి పిల్లమ్మా, ఇల్లు తనదే అన్నట్టు నిలబడింది?" అంది. ఇల్లు తనదే కదా, అనుకున్నాను ఆవిడ వెళ్ళాక. ముందొచ్చింది తనే. ఆ ఇంట్లో ఏ తలుపు కిర్రుమంటుందో, ఏ గచ్చు పలక కదులుతుందో, నాన్న చెప్పులు ఎక్కడ విడుస్తాడో దానికి తెలుసు. మా ఇంట్లోనూ అంతే, మూటలో వచ్చిన మా తమ్ముడికి ఏం తెలుసు, కళ్ళు తెరవడం కూడా సరిగ్గా రాదు. అయినా వాడొచ్చిన రోజు నుంచీ ఇంటి నడకంతా మారిపోయింది, వాడు పడుకుంటే అందరూ మునివేళ్ళ మీద నడిచారు, వాడు లేస్తే అందరూ పరిగెత్తారు.

ప్రతి సోమవారం మా ఇంటికి నర్సు వచ్చేది. తెల్ల బూట్లు, భుజానికి సంచి, సంచిలో చిన్న కాటా. ఆవిడ రాగానే అమ్మ పెట్టెలోంచి పసుపు రంగు గుడ్డ తీసేది, మెత్తటిది, అంచు కుట్టినది. నర్సు ఆ గుడ్డని పళ్ళెంలో పరిచి దాని మీద తమ్ముణ్ణి పడుకోబెట్టేది. ఇక అందరూ ఊపిరి బిగపట్టి ముల్లు వైపు చూడటమే, అమ్మ, నాన్న, సాయానికొచ్చిన పెద్దమ్మ, పక్కింటివాళ్ళు. "నూట యాభై గ్రాములు పెరిగాడు" అనేది నర్సు. ఇక చూసుకోండి, నాన్న కాళ్ళు నేల మీద ఆనేవి కావు, వాడు ఏదో పరీక్ష పాసైనట్టు వీధిలో వాళ్ళకి కూడా చెప్పి వచ్చేవాడు. నేను వాళ్ళ మోకాళ్ళ మధ్య నుంచి చూసేదాన్ని. పెరగడం అంత గొప్ప సంగతని నాకు అప్పుడే తెలిసింది. నేనూ పెరుగుతున్నాను కదా, గౌను పొట్టిదైంది కదా, ఎవరూ చూడరేం? నాలుగు సోమవారాలు నర్సు పక్కన నిలబడ్డాను, తమ్ముణ్ణి తీశాక పళ్ళెం ఖాళీగా ఉంటుంది కదా, నన్ను కూడా ఎక్కమంటుందేమోనని. ఆవిడ కాటా మడిచి సంచిలో పెట్టుకుని నా తల నిమిరి వెళ్ళిపోయేది. తల నిమరడం దేనికి?

మా ఇంట్లో ఒక కథ ఉంది. నాకు ఐదేళ్ళప్పుడు, తమ్ముడికి నెల నిండినప్పుడు, పాత పేపర్లు కొనే ఆయన వస్తే నేను తమ్ముణ్ణి తూకానికి వేసి అమ్మేయబోయానట. పెళ్ళిళ్ళలో, పుట్టినరోజుల్లో, చుట్టాలొచ్చినప్పుడు, ఎక్కడ నలుగురు చేరినా ఆ కథ చెప్పాలి, కడుపు పట్టుకుని నవ్వాలి. చెప్పిన కొద్దీ దానికి చిలవలు పలవలు పుట్టాయి, పెద్దమ్మ చెప్పేటప్పుడైతే నేను బేరం కూడా ఆడతాను. తమ్ముడు తన పెళ్ళిలో మైకు పట్టుకుని మరీ చెప్పాడు, ఇప్పటికీ ఫోను చేస్తే హలో అనడు, "ఏమే అక్కా, ఇవాళ కిలో ఎంత పలుకుతాను?" అంటాడు. వాడు మంచివాడే. వాడితో నాకు ఏ పేచీ లేదు, అప్పుడూ లేదు, అదే ఎవరికీ తెలియని సంగతి. ఆ రోజు నేను తమ్ముణ్ణి ముట్టుకోనే లేదు. వాడు లోపల గదిలో ఉయ్యాలలో నిద్రపోతున్నాడు. అమ్మ స్నానానికి వెళ్ళింది. పేపర్లాయన గేటు కమ్మీకి పెద్ద తక్కెడ వేలాడదీసి మా పెద్దమ్మ బయట పెట్టిన కట్టలు తూస్తున్నాడు. నేను పెట్టె తెరిచి పసుపు గుడ్డ తీసుకుని వెళ్ళి ఆ ఇనుప పళ్ళెంలో పరిచాను, అంచులు సరిచేశాను, ఎక్కి కూర్చున్నాను. నన్ను తూయి అన్నాను.

ఆయన నవ్వలేదు. ఎన్నేళ్ళయినా ఆయనకి దణ్ణం పెట్టుకుంటాను అందుకు. చేతులు లుంగీకి తుడుచుకుని, గొలుసులు గట్టిగా పట్టుకోమని చెప్పి, అవతలి పళ్ళెంలో పది కిలోల రాయి పెట్టాడు. నేను లేవలేదు. ఐదు కిలోల రాయి పెట్టాడు. నా కాళ్ళు నేల వదిలేశాయి, పళ్ళెం ఊగింది, ముల్లు అటూ ఇటూ వెళ్ళి నిలబడింది. ఆయన ఒక కన్ను మూసి చూసి, "పదిహేను. సరిగ్గా పదిహేను, ఇటు లేదు అటు లేదు" అన్నాడు. నేను దిగి ఇంట్లోకి పరిగెత్తాను. అప్పుడే అమ్మ తడిజుట్టుతో గుమ్మంలోకి వచ్చింది, తక్కెడలో పసుపు గుడ్డ చూసింది, లోపలికి పరిగెత్తుతున్న నన్ను చూసింది, బిడ్డని తేవడానికే వెళ్తున్నాననుకుంది. చెంప ఛెళ్ళుమంది. పేపర్లాయన ఏదో చెప్పబోయాడు, అమ్మ అగ్గి మీద గుగ్గిలమై ఆయన్ని గేటు దాటించింది, ఆయన మళ్ళీ మా వీధికి రాలేదు. సాయంత్రానికి కథ తయారైంది. నాన్న వచ్చి విని పగలబడి నవ్వి, నన్ను రెండు చేతుల్లోకి ఎత్తి, "తమ్ముణ్ణి అమ్మేస్తావటే దొంగా!" అన్నాడు. నెల రోజుల్లో ఆయన నన్ను ఎత్తుకోవడం అదే మొదలు. అందరూ నా వైపే చూస్తున్నారు, నర్సు ముల్లు వైపు చూసినట్టు. కాదు నాన్నా అంటే దించేస్తాడు. నేను నవ్వాను.

ఆ నవ్వే. ఏడు పుస్తకాల్లో నేను గీసింది ఆ నవ్వే, కుందేలుకీ ఏనుగుకీ ఎలుగుబంటికీ. దించేస్తారేమోనని నవ్వే నవ్వు. దాన్ని గీయడంలో నన్ను మించినవాళ్ళు లేరు, ఎందుకంటే లోపలి నుంచి తెలుసు, బుగ్గ ఎక్కడ లాగుతుందో, కన్ను ఎక్కడ నవ్వకుండా మిగిలిపోతుందో. ఎనిమిదోది గీయను. ఇరవై రెండు నిమిషాలుంది. బ్రష్షు ఎండిపోయింది. రంగు గిన్నెలో ఎరుపు పొర కట్టింది.

ఫోను మోగింది. అమ్మ. తమ్ముడికి రెండో కూతురు పుట్టి మూడు వారాలైంది, అమ్మ అక్కడే ఉంది. పెద్దది నాలుగున్నరేళ్ళ పిల్ల, కాలు ఒకచోట నిలవదు, అందరూ మిడత అంటారు. "పనిలో ఉన్నావా?" అని అడిగి, నేను ఆఁ అనేలోగా మొదలుపెట్టింది అమ్మ. "నీ మేనకోడలు చేసిన ఘనకార్యం విను. నువ్విచ్చిన పుస్తకం ఉంది చూడు, చెల్లొచ్చిందని ఎలుగుబంటిది, దాని చివరి పేజీ చింపి నోట్లో పెట్టుకుని నమిలేసింది. నోరు తెరవమంటే తెరవదు. మింగేసిందో ఏమో. బుద్ధి వస్తుందని రోజూ చదివి వినిపిస్తున్నాను, ఇదా రావడం? ఇంకో కాపీ పంపు. పోలిక ఎక్కడికి పోతుందిలే, మేనత్త తమ్ముణ్ణి తూకానికి పెట్టింది, ఇది పుస్తకం నమిలింది." నమిలేసింది. నా చేత్తో గీసిన నవ్వుని నమిలి మింగేసింది. మిడతా, నువ్వు నాకంటే నయమే, నేను నవ్వాను, నువ్వు నమిలావు.

"తమ్ముణ్ణి కాదమ్మా" అన్నాను. "ఏంటి?" అంది. "తక్కెడలో నేను కూర్చున్నాను. వాడు ఉయ్యాలలోనే ఉన్నాడు." అటువైపు కుళాయి నీళ్ళు పడుతున్న చప్పుడు. అది ఆగింది. "మరి ఆ పసుపు గుడ్డ?" "నర్సు వేసేదిగా తూచే ముందు. అది లేకపోతే తూయరనుకున్నాను." "మరి లోపలికెందుకు పరిగెత్తావే?" "నీకు చెబుదామని. పదిహేనున్నానని." నేను కిటికీలో రంగునీళ్ళ గ్లాసు వైపు చూస్తున్నాను, దాని అడుగున ఎరుపు దిగుతోంది. తరువాత అమ్మ ఒంటికాలి మీద లేచింది, నాకు తెలుసు లేస్తుందని. "ఇన్నేళ్ళు నోట్లో బెల్లంముక్క పెట్టుకు కూర్చున్నావా? ఒక్క మాట చెప్పడానికేం? ఊరందరికీ చెప్పుకుని నవ్వానే, నన్నెంత వెధవని చేశావే!" ఆ కోపం నా మీద కాదని నాకు తెలుసు, అమ్మకీ తెలుసు. క్షమించు అనడం ఆవిడకి చేతకాదు, నాకు అక్కర్లేదు. వేరే గొంతుతో, "ఎంతన్నావూ?" అంది. "పదిహేను." "పదిహేనేనా? ఐదు నిండిన పిల్లవి. బక్కచిక్కిపోయావన్నమాట. నా ఎదురుగానే తిరిగేదానివి కదే, నాకు కనపడనేలేదు."

నా కళ్ళు మండాయి, మండనీ అనుకున్నాను. అమ్మ ఫోను పెట్టేయలేదు. చెప్పులు ఈడ్చుకుంటూ నడుస్తున్న చప్పుడు, తలుపు చప్పుడు, "మిడతా, ఇలా రా. కొట్టనులే, రా. ఈ బరువు మిషనెక్కు" అంటున్న గొంతు. చిన్న పాదాల చప్పుడు పరిగెత్తుకొచ్చి ఆగింది. "రెండు కాళ్ళూ పెట్టు, గెంతకు." అప్పుడు మిడత గొంతు, నమిలిన కాగితం మింగేసిందో ఉమ్మేసిందో గానీ స్పష్టంగా వినపడింది. "నాకు గుడ్డ వెయ్యవా నానమ్మా?" బీరువా తలుపు కిర్రుమంది. మడత విప్పి దులిపిన చప్పుడు. కాసేపటికి, "పద్నాలుగున్నర!" అని అరిచింది అమ్మ, నాకో, మిడతకో, ఇంట్లో అందరికో. ఆ పిల్ల నవ్విందో లేదో ఫోనులో కనపడదు. నేను అడగలేదు కూడా.

నాలుగు నిమిషాలుంది. బ్రష్షు నీళ్ళలో ముంచాను. బొమ్మ వైపు చూశాను, పిల్ల ముఖం వైపు కాదు, కాళ్ళ కింద కాటా వైపు. గుండ్రటి గాజు ముఖం, చుట్టూ అంకెలు, మధ్యలో ఏమీ లేదు. ముల్లు వేయడం మర్చిపోయాను. మూడు వారాలుగా ఈ పేజీ మీద తల బద్దలుకొట్టుకుంటున్నాం, పెదవులు చూశాం, బుగ్గలు చూశాం, పిల్ల బరువెంతో నేను కూడా చూడలేదు. ఎరుపుతోనే వేశాను, నవ్వు కోసం కలిపిన ఎరుపుతోనే, సన్నగా, పదిహేను మీదికి. బొమ్మ కింద మూలలో నా సంతకం కూడా పెట్టాను.

ఫుల్‌స్టాప్ జేబురుమాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. నిలబడే వంగి చూశారు. "నవ్వు ఏదమ్మా?"

"లేదండి. ముల్లు వేశాను."

"పిల్ల బరువెంతో ఎవరిక్కావాలి?"

"పిల్లకి కావాలండి."

ఆయన కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. కేకలేసే మనిషి కాదు, ఇంకా మెత్తగా మాట్లాడారు. "చూడమ్మా, మీ మీద గౌరవంతో గంట ఆగాను. ఆ షీటు ఇలా ఇచ్చేయండి, మా వాళ్ళు కంప్యూటర్లో ఒక్క క్షణంలో నవ్వించేస్తారు. మూడింటికి ప్రెస్సుకి వెళ్ళాలి. అంతే." వేలు పైకి లేచింది. పన్నెండేళ్ళుగా అది లేవగానే నేను సంచి సర్దుకునేదాన్ని.

ఆ వేలు దిగే చోట, ఆ తెల్లమచ్చ మీద, నా అరచేయి పెట్టాను. వేలు వచ్చి నా చేతి మీద పడింది. చప్పుడు రాలేదు. ఆయన ఉలిక్కిపడి వెనక్కి తీసుకున్నారు, నేను చేయి తీయలేదు. రెండో చేత్తో బొమ్మని నా వైపు లాక్కున్నాను.

"ఈ ముఖం ఇలాగే వెళ్తుంది, లేదంటే పుస్తకమే వెళ్ళదు. షీటు నా దగ్గరుంది" అన్నాను. "కూర్చోండి సార్. ఇప్పుడు నా వంతు."